సంతకం పెట్టే ముందు...

"ఒక్క సంతకమే కదక్కా!" అంటాడు తమ్ముడు. పక్కనే పసుపు కుంకుమ, పట్టుచీర. చదవకుండానే పెట్టేస్తాం. అది హక్కు విడుదల పత్రమని తర్వాతెప్పుడో తెలుస్తుంది.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది. కానీ 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించదంది. (పెళ్లయితే కూతురు కాకుండా పోతుందా?) 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. అప్పటికి తండ్రి బతికి లేకపోయినా సరే, ఈ హక్కు పుట్టుకతో వచ్చేదేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

అయినా నోరు విప్పం. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందేమోనని భయం! వదులుకుంటారా, మీ ఇష్టం. ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి, లాయరుకు చూపించండి. తొందరపెడితే, అంత తొందరేమిటో తమ్ముణ్ణే అడగండి.