ఆటల గంట తీసేయకండి

మేము పదో తరగతిలో ఉండగా పరీక్షల పేరు చెప్పి సాయంత్రం ఆటల గంటను స్టడీ అవర్‌గా మార్చారు. మార్కులొస్తాయన్నారు, నమ్మాము. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని మాకు ఎదురుచెప్పడానికి ఏం తెలుసు? మొన్నటి కానిస్టేబుల్ సెలక్షన్లలో మా బ్యాచ్ మిత్రులిద్దరు 1600 మీటర్ల పరుగులో మొదటి రౌండుకే ఆయాసపడి ఆగిపోయారు. పీజీలో శరీరధర్మశాస్త్రం చదువుతుంటే కారణం ఇప్పుడు అర్థమవుతోంది.

పరుగు మొదలవగానే కండరంలో నిల్వ ఉన్న ఏటీపీ కొద్ది సెకన్లకే సరి. వెంటనే క్రియాటిన్ ఫాస్ఫేట్ ఆదుకుంటుంది; కొంత గ్లైకోజెన్ ఆక్సిజన్ లేకుండానే విడిపోతుంది. కావలసినంత ఆక్సిజన్‌ను కండరం అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. తమ్ముళ్లు చాలామంది "నావల్ల కాదన్నా" అని కూర్చునేది ఈలోపే! మితమైన వేగంతో సాగితే ఆక్సిజన్ వాడకం నిలకడకు వస్తుంది, ఊపిరి కుదుటపడుతుంది. కొన్ని వారాల సాధనతో కండర కణాల్లో మైటోకాండ్రియాలు పెరిగి ఆ నిలకడ ఇంకా త్వరగా వస్తుంది. మానేస్తే వారాల్లోనే ఆ లాభం తగ్గుతుంది. పరీక్షలయ్యాక ఆడుకోవచ్చులే అన్నవాళ్లకు మా జవాబు ఇదే.

రక్తహీనత ఉంటే మాత్రం సాధన ఒక్కటే చాలదు, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబినే తక్కువ కదా. అందుకే వార్డెన్ గారిని రెండూ అడుగుతున్నాము: రోజూ గ్రౌండులో ఒక గంట, ఏడాదికి రెండుసార్లు పిల్లలందరికీ రక్తపరీక్ష.