దాగి బ్రతికే విద్య

గత వేసవిలో ఒక మధ్యాహ్నం, మాదాపూరులోని మా కార్యాలయం కిటికీ అద్దంలోంచి బయటికి చూశాను. ఏసీ పెట్టె పక్కన ఒక కాకి నోరు తెరుచుకుని రొప్పుతోంది. పక్షులకు చెమట పట్టదు. గొంతులోని తడిని ఆవిరి చేసి ఒంటిని చల్లబరచుకుంటాయి. నన్ను చల్లగా ఉంచుతున్న యంత్రమే దానిపైకి వేడిగాలి ఊదుతోంది!

ఎడారి జీవి అనగానే మనకు ఒంటె గుర్తొస్తుంది. దాని మూపురంలో ఉండేది నీరు కాదు, కొవ్వు. నీరు దొరకనప్పుడు అది పగటివేళ తన ఒంటివేడిని ఆరేడు డిగ్రీల దాకా పెరగనిచ్చి, చెమటను ఆదా చేసి, ఆ వేడిని రాత్రి చలికి వదిలేస్తుంది. చిన్న జీవులకు అంత శక్తి లేదు. వాటికి తెలిసిన విద్య ఒక్కటే: ఎండకు ఎదురు నిలవక దాగడం.

ఆ విద్య నేర్చినవి మన గచ్చిబౌలి కంచల్లోనూ ఉన్నాయి. ఉడుము బొరియలో తలదాచుకుంటుంది. వ్యర్థాన్ని తెల్లని ముద్దగా విసర్జించి నీటిని మిగుల్చుకుంటుంది. నక్షత్ర తాబేలు ఎండ ముదిరితే పొద కింద కదలక పడి ఉంటుంది. మట్టిని తవ్వుకుని దిగే కప్పలు తొలకరి దాకా పైకి రావు.

1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఈ రాతినేలను అద్దంతో, సిమెంటుతో కప్పుతూనే ఉన్నాం. నా దృష్టిలో ఇది థార్‌ కన్నా కఠినమైన ఎడారి. అక్కడ ఇసుకను తవ్వితే చల్లదనం దొరుకుతుంది, రాత్రికి నేల చల్లారుతుంది. ఇక్కడ తవ్వడానికి మట్టే లేదు. కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలోకి యంత్రాలు దిగినప్పుడు, "ఉత్త తుప్పలేగా!" అన్నవారు నా మిత్రులలోనూ ఉన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించేసరికే, కోర్టుకు అందిన నివేదిక ప్రకారం, సుమారు 100 ఎకరాలు నాశనమయ్యాయి. పరుగెత్తిన జింకలు మన కంటబడ్డాయి, వాటికోసం బాధపడ్డాం. బొరియల్లో ఉన్నవి పరుగెత్తలేదు. ఆపద వస్తే దాగడమే కదా వాటికి తెలిసిన విద్య! ఎండ నుండి కాపాడిన ఆ విద్యే బుల్డోజరు ముందు వాటిని చంపుతుంది. చెట్లను మళ్ళీ నాటవచ్చు. రాతి నెర్రెలను, బొరియలను నాటగలమా?

ఈ కారిడారు పెట్టే కూడే నేనూ తింటున్నాను. కట్టడాలే వద్దనడం లేదు. మేడమీద పిట్టలకు నీళ్ళ మూకుడూ పెడుతున్నాను. కానీ తాబేలు మేడ ఎక్కలేదు కదా! ప్రతి ప్రాంగణంలో కొంత నేలను చదును చేయకుండా, పచ్చిక పరచకుండా, ఊడ్వకుండా, తుప్పలతోనూ రాళ్ళతోనూ అలాగే వదిలేయమంటాను. ఖర్చు లేని పని. మనకు కష్టమనిపించేది కూడా బహుశా అదే, ఏమీ చేయకుండా ఉండడం.