జిన్ను పట్టిందా? జబ్బు చేసిందా?

దేవదూతలున్నారని నమ్మడం ఇస్లాంలో ఒకరి ఇష్టానికి వదిలిన విషయం కాదు. అది విశ్వాస సూత్రాల్లో ఒకటి. దేవదూతలు కాంతి నుండి, జిన్నులు పొగలేని నిప్పు నుండి పుట్టారట. ప్రళయం నాడు ఇస్రాఫీల్ బాకా ఊదుతాడు. పాపపుణ్యాలు రాయడానికి ప్రతి మనిషికీ ఇద్దరు దూతలు. హిందువుల చిత్రగుప్తుడు ఒక్కడే అందరి చిట్టా చూసుకుంటాడు. ఇక్కడ గుమాస్తాల సంఖ్య పెరిగింది, అంతే! ఖురాన్ 72వ అధ్యాయం పేరే జిన్.

రుజువేమిటి? గ్రంథంలో వుంది. గ్రంథం ఎలా వచ్చింది? జిబ్రయీల్ అనే దూత తెచ్చాడు. ఆ దూత వున్నాడని ఎలా తెలుసు? గ్రంథంలో వుంది!

పై లోకం మాటలు దొంగచాటుగా వినబోయే షైతానులను తరిమే అగ్నిజ్వాలలను గురించి ఖురాన్ చెబుతుంది. రాలే చుక్కలు అవేనని వ్యాఖ్యాతలు రాశారు. ఒక తోకచుక్క వదిలిన ధూళిలోంచి భూమి సాగినప్పుడు ఏటా ఆగస్టులో పెర్సీడ్ ఉల్కలు రాలతాయి. తేదీలు ముందే చెప్పవచ్చు. షైతానులు క్యాలెండరు చూసుకుని వస్తాయా?

ముస్లింలలోనూ ఆలోచించినవారున్నారు. 19వ శతాబ్దంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ దేవదూతలు వేరే జీవులు కారనీ, ప్రకృతిలోని శక్తులకు అవి పేర్లనీ వివరించారు. మతపెద్దలు ఆయన్ను కాఫిర్ అన్నారు. వందేళ్ళ తరువాత, 1980లలో, పాకిస్తాన్ అణు ఇంజనీరు సుల్తాన్ బషీరుద్దీన్ మహమూద్ జిన్నుల నుండి శక్తి తీయవచ్చన్నాడు! ముందుకు వెళ్ళామా, వెనక్కా?

ఎవరి నమ్మకం వారిది, మీకేం నష్టం అంటారు. నష్టం వుంది. మూర్ఛ వచ్చినా, మతి చలించినా జిన్ను పట్టిందని, దయ్యం పట్టిందని తాయెత్తులు కడుతున్నారు. తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు అన్ని మతాల వారూ మానసిక రోగులను తీసుకెళ్ళేవారు. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి వుండడం వలన పారిపోలేక 28 మంది రోగులు మరణించారు. ఒక్క దేవదూత కూడా గొలుసు విప్పలేదు.

రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. గొలుసులు నిషేధిస్తే చాలదు. వాటిని వేయించిన నమ్మకాన్ని ప్రశ్నించాలి. అది ముస్లింల మీద ద్వేషం కాదు. దయ్యాలను, బాణామతిని ప్రశ్నించిన నోటితోనే జిన్నులనూ ప్రశ్నిస్తాం. జిన్నును చూపించండి, ఒప్పుకుంటాం. అంతవరకూ రోగిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.