బడిని తూచే కాటా ఏది?

ఏటా వేసవిలో పదో తరగతి ఫలితాలు వస్తాయి. ఆ మర్నాటి నుంచీ చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో ఒకటే చర్చ. మనూరి హైస్కూలుకి ఎంత శాతం? పక్కూరికి ఎంత? జూన్ వచ్చేసరికి ఆ అంకెలే పిల్లల దారి తేల్చేస్తాయి. ‘ఆ బడికి తొంభై అయిదు శాతమంట’ అన్న ఒక్క మాట చాలు, ఆరో తరగతిలో చేరాల్సిన పిల్ల సొంతూరి బడి గేటు ముందు నుంచే ఆటోలో మరో ఊరికి వెళ్లిపోతుంది. కాస్త చేతిలో డబ్బాడే ఇంటి పిల్లయితే ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కేస్తుంది.

ఇదేదో మన ఒక్కరికే ఉన్న అలవాటు కాదు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లను అడిగి చూడండి. ఇల్లు కొనే ముందు వాస్తు కన్నా ముందు చూసేది స్కూలు రేటింగు. అక్కడ ఏ వీధిలో ఉంటే ఆ వీధికి కేటాయించిన ప్రభుత్వ పాఠశాలలోనే మామూలుగా చేరాలి. అందుకే 1998లో మొదలైన గ్రేట్‌స్కూల్స్ లాంటి సంస్థలు పదికి ఎన్ని మార్కులిచ్చాయన్నదాన్ని బట్టి ఇళ్ల ధరలు కూడా మారుతుంటాయి. ఒకే కౌంటీలో, ఒకే యాజమాన్యం కింద ఉన్న రెండు హైస్కూళ్లలో ఒకటి తొమ్మిది, ఇంకొకటి నాలుగు!

మనకూ అలాంటి ఉమ్మడి యాజమాన్యం ఉంది. జిల్లా పరిషత్తు. 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు విడిపోయినా పరిషత్తు మాత్రం ఉమ్మడిగానే కొనసాగింది. 2025 మెగా డీఎస్సీలో పోస్టుల లెక్కా పాత జిల్లాలదే. అంటే చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం, రోలుగుంట... ఏ మండలం తీసుకున్నా జడ్పీ హైస్కూళ్లన్నిటిదీ ఒకే సిలబస్, ఒకే జీతాల పట్టిక, ఒకే పరీక్ష. మరి ఫలితాల్లో అంత తేడా ఎందుకు?

చెరకు చెప్పే పాఠం

ఈ ప్రాంతం వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం చాలా తేలిక. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతుని ‘రికవరీ’ అంటే ఏమిటో అడగండి. టన్ను చెరకుకి ఎంత పంచదార దిగిందన్న లెక్క. అది తక్కువొస్తే తప్పంతా మిల్లుదే అని ఏ రైతూ అనడు. చెరకు రకం ఏమిటి, ఎప్పుడు నరికారు, నరికాక ఎన్ని రోజులు ఎండలో పడుంది... ఇవన్నీ చూస్తాడు.

బడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ తెలివి మర్చిపోతాం. ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే మోడల్ స్కూలునీ, పిల్లల్ని రాత్రింబవళ్లు దగ్గరుంచుకునే గురుకులాన్నీ, వచ్చిన ప్రతి పిల్లనీ చేర్చుకునే పల్లెటూరి జడ్పీ హైస్కూలునీ ఒకే కాటా మీద పెట్టేస్తాం. 2024లో, 2025లో కూడా ఫలితాల్లో గురుకులాలదే పైచేయి. అందులో వింత లేదు. అమ్మానాన్నలు కూలికి వెళ్తే ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకోవాల్సిన అమ్మాయిని తొమ్మిదో తరగతి దాకా లాక్కొచ్చిన మాస్టారి కష్టం మాత్రం ఏ శాతంలోనూ కనబడదు.

అలాగని పేదరికమే అన్నిటికీ జవాబూ కాదు. 2023, 2024, 2025... వరసగా మూడేళ్లు పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? కొండలూ గిరిజన గూడేలూ ఉన్న పార్వతీపురం మన్యం జిల్లాది. 2025లో అక్కడ 93.90 శాతం. అదే ఏడాది మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు 47.64 శాతంతో అట్టడుగున నిలిచింది. ‘పేదపిల్లలండీ, ఇంతకన్నా ఏం వస్తుంది?’ అని తప్పించుకునేవాళ్లకు ఈ రెండు అంకెలూ చూపించాలి.

అంకెలు ఆడే ఆటలు

శాతాలతో ఇంకో చిక్కు ఉంది. రాష్ట్రం మొత్తం ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. కరోనాతో 2020, 2021ల్లో పరీక్షలే లేవు, అందరూ పాస్. 2022లో 67.26కి పడిపోయింది. 2024లో 86.69, 2025లో 81.14. మూడేళ్లలో పిల్లలు మొద్దులైపోయి మళ్లీ తెలివైనవాళ్లు అయ్యారా? కాదు. 2019లో పరీక్ష ఎనభై మార్కులకే. మిగతా ఇరవై బడిలోనే వేసేవారు. తర్వాత అవి తీసేశారు. పైగా కరోనా దెబ్బ. కాబట్టి 2019 నాటి ఫలితాన్ని, 2022 నాటి ఫలితాన్ని పక్కపక్కన పెట్టి ‘ఈ హెడ్మాస్టరు వచ్చాక బడి పాడైంది’ అనడం అన్యాయం.

చిన్న బడుల లెక్క మరీ ప్రమాదం. ఉదాహరణకు రెండు బళ్లు అనుకుందాం. మొదటి బడిలో 150 మంది పరీక్ష రాస్తే 120 మంది పాస్. ఎనభై శాతం. రెండోదాంట్లో 20 మందికి 19 మంది. తొంభై అయిదు! ఇప్పుడు అయిదేళ్ల కిందటి ఆరో తరగతి రిజిస్టర్ తెరవండి. మొదటి బడిలో అప్పుడు చేరింది 155 మంది. రెండోదాంట్లో 32 మంది. ఆ పన్నెండు మంది ఏమయ్యారు? చేరినవాళ్లతో లెక్కేస్తే మొదటిది 77 శాతం, రెండోది 59 శాతం. తొంభై అయిదు వెనక పన్నెండు మంది పిల్లలు మాయమయ్యారన్నమాట.

ఇంగ్లండ్‌లో 1992 నుంచి హైస్కూళ్ల ఫలితాల పట్టికలు అచ్చేయడం మొదలుపెట్టారు. ఏం జరిగింది? పరీక్షల ముందు చదువులో వెనకబడ్డ పిల్లల్ని మెల్లగా బయటికి పంపేస్తున్నారంటూ అక్కడి తనిఖీ విభాగమే హెచ్చరించాల్సి వచ్చింది. 2016లో కొలత మార్చారు. పిల్ల చేరినప్పుడు ఎక్కడుంది, వెళ్లేటప్పుడు ఎక్కడికి చేరింది అన్న తేడాను ప్రధాన కొలతగా తీసుకున్నారు. అదే మన చెరకు లెక్క!

ఆడపిల్ల దగ్గరే అసలు సమస్య

‘ఎవరికి నచ్చిన బడికి వాళ్లు వెళ్తారు, నష్టమేముంది?’ అనొచ్చు. ఉంది. పిల్లల సంఖ్యను బట్టే టీచర్ పోస్టులు. పాతికమంది తగ్గితే ఓ సబ్జెక్టు మాస్టారు మరో బడికి వెళ్లిపోవచ్చు. మాస్టారు లేడని మరో పాతికమంది వెళ్లిపోతారు. చివరికి మిగిలేది ఆటో ఖర్చు పెట్టుకోలేని ఇళ్ల పిల్లలు. వాళ్లలోనూ ఆడపిల్లలు. మగపిల్లాణ్ని పది కిలోమీటర్లైనా పంపే తండ్రి, కూతుర్ని పొరుగూరికి పంపడానికి వెనకాడతాడు. సొంతూరి బడి నీరసిస్తే ఆ పిల్ల చదువూ అక్కడితో సరి. తర్వాత పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. ఊళ్లో హైస్కూలు నిలబడటమంటే ఆ పెళ్లిని కొన్నేళ్లు వాయిదా వేయడం కూడా.

మరి ఎలా చూడాలి?

పోల్చొద్దని కాదు. సరిగ్గా పోల్చమని. పిల్లను చేర్చే ముందు ఒక పూట కేటాయించండి.

* ఒక్క ఏడాది ఫలితం కాదు, మూడేళ్లవి అడగండి. ఆరో తరగతిలో చేరినవాళ్లలో పది పూర్తి చేసిందెందరో అడగండి.

* లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, ఇంగ్లిషు... ఒక్కోదానికీ మాస్టారు ఉన్నారా? ఖాళీ ఎన్నాళ్లుగా ఉంది?

* ఆడపిల్లల మరుగుదొడ్డి చూడండి. తలుపుకి గడియ ఉందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా?

* ల్యాబ్, లైబ్రరీ బీరువా తాళం తీయించండి. పుస్తకాల మీద దుమ్ముంటే జవాబు దొరికినట్లే.

* మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లండి. టీచర్లు పిల్లల పక్కన నిలబడ్డారా, గదిలో కూర్చున్నారా అన్నది చాలా చెబుతుంది.

* ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ నంబరు ఉంటుంది. దాని కింద గదులు, టీచర్లు, పిల్లల సంఖ్య ఉంటాయి. హెడ్మాస్టర్ని అడిగి చూడండి.

ఇంకొక్క మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. పక్కూరి బడి మంచిదని పిల్లను ఆటో ఎక్కించడం ఒక దారి. లెక్కల మాస్టారు ఎప్పుడొస్తారని ఆ కమిటీలో కూర్చుని అడగడం ఇంకో దారి. మొదటిది మీ ఒక్క పిల్లకు పనికొస్తుంది. రెండోది ఊళ్లో ఆటో ఎక్కలేని పిల్లలందరికీ పనికొస్తుంది.