నాలుగు గోడల మధ్య ఫుట్‌బాల్

సెలక్షన్లు జరిగిన మర్నాడు ఏ కాలేజీలోనైనా ఒకటే దృశ్యం. నోటీసు బోర్డు మీద పేరున్నవాళ్ళు గ్రౌండుకి పోతారు, పేరు లేనివాళ్ళు క్యాంటీనుకి పోతారు. ఆ తర్వాత చాలామంది గ్రౌండు మొహం చూడరు. ఈ రెండో రకం మిత్రుల కోసమే అమెరికా ఇండోర్ ఫుట్‌బాల్ సంగతి రాస్తున్నాను.

అమెరికన్ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, చంకన ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్ళను తప్పించుకుంటూ పరుగెత్తే ఆట అది. దాన్ని గోడల మధ్యకు తేవాలని 1981లో జిమ్ ఫోస్టర్ అనే ఆయనకు తోచింది. న్యూయార్కులో ఇండోర్ సాకర్ చూస్తూ, చేతిలో ఉన్న కవరు మీదే బొమ్మ గీశాడు. 1987లో నాలుగు జట్లతో అరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. 100 గజాల మైదానం 50 గజాలయింది, పదకొండుమంది జట్టు ఎనిమిదిమందికి తగ్గింది. గీత దాటితే మెత్తలు తొడిగిన గోడే! మొదటి ఏళ్ళలో చాలామంది దాడిలోనూ, రక్షణలోనూ కూడా ఆడాల్సి వచ్చేది.

ఇది చిన్నవాళ్ళ ఆట అనుకుంటే పొరపాటు. కర్ట్ వార్నర్‌ను 1994లో ఒక పెద్ద జట్టు శిక్షణ శిబిరం నుంచే పంపేసింది. ఆయన రాత్రిళ్ళు కిరాణా దుకాణంలో అరలు సర్దుతూ, గంటకు అయిదున్నర డాలర్లు సంపాదించాడు. 1995 నుంచి మూడేళ్ళు అయోవాలో ఇండోర్ ఆట ఆడాడు. ఇరుకు స్థలంలో బంతిని చప్పున విసరడం అక్కడే అలవడింది. 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు ఆయనే నాయకుడు, ఆ రోజు ఉత్తమ ఆటగాడూ ఆయనే.

అందరూ వార్నర్లు కాలేరు, నిజమే. డబ్బు కోసం దిగితే నిరాశ తప్పదు. ఆ లీగే 2009 సీజను రద్దు చేసుకుంది, మళ్ళీ లేచి 2019లో మూతబడింది. కాబట్టి అక్కడ చదువుకునే మన పూర్వ విద్యార్థులు సరదాపడితే, చదువు వదలకుండానే మొదలుపెట్టాలి. ముందు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడటం మేలు. ఇందులో మనిషిని పడగొట్టరు, నడుముకున్న పట్టీ లాగుతారు, అంతే. 2028 ఒలింపిక్స్‌లో దానికీ చోటిచ్చారు. తర్వాత ఇండోర్ జట్లు పెట్టే బహిరంగ ఎంపికలకు వెళ్ళొచ్చు. ప్రవేశ రుసుం కట్టాలి, 40 గజాల పరుగు తీయాలి. గోడకు తగిలి లేవడానికి ఒళ్ళూ మనసూ రెండూ సిద్ధం చేసుకోవాలి.

ఇంతకీ నేననేది ఒకటే. పెద్ద మైదానంలో చోటు దొరకనివాళ్ళకు అక్కడ చిన్న మైదానం ఒకటుంది. మన కాలేజీలో అది ఏది? జట్టుకు ఎంపిక కానివాళ్ళకు సాయంత్రం ఒక గంట గ్రౌండు, ఒక బంతి, ఒక విజిలు ఇస్తే చాలు. పై ఏడాది యూనియన్ ఈ పని చేయాలి. చేయకపోతే అడగాల్సింది మనమే!