ఆరోగ్యప్రకరణము: ప్రేగులో నిలిచిన నేయి

పెండ్లివిందు ముగిసిన మరునాటి యుదయమున రక్తపరీక్ష చేయించుకొన్న సోదరీమణి యొకరు మాకు వ్రాసినారు. రక్తమున క్రొవ్వు హెచ్చుగా నున్నదని చీటీ వచ్చినదట. రాత్రి భోజనము తరువాత తా మేమియు ముట్టలేదనియు, వేకువను నీరసముగా నుండగా నిమ్మరసములో నాలుగు చెంచాల పంచదార వేసికొని త్రాగితిమనియు, అందులో నేతిచుక్కయైన లేదు గదా యనియు వారి ప్రశ్న. అత్తగారు అప్పుడే నేతిగిన్నె దాచివేసినారట!

నేతిచుక్క లేదన్నమాట నిజమే. కాని రాత్రి తిన్న నేయి యెచ్చట నున్నదో యోచింపవలెను. మనము తిన్న క్రొవ్వు పిత్తరసముచేతను క్లోమరసముచేతను విడివడి చిన్నప్రేగు గోడలోనికి పోవును. ఆ గోడలోని కణములు దానిని మరల కూర్చి, మాంసకృత్తుల పొర తొడిగి, మిక్కిలి సూక్ష్మమైన మూటలుగా కట్టును. వీనికి కైలోమైక్రానులని పేరు. ఇవి చక్కెరవలె నేరుగా కాలేయమునకు పోక, పాలవన్నె గల రసనాళముల వెంట పైకి ప్రాకి, మెడయొద్ద ఎడమవైపున రక్తమున కలియును. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పరో అసెల్లి, అప్పుడే ఆహారము తిన్న కుక్క కడుపు కోసి చూచుచు, ఈ తెల్లని నాళములను కనుగొనెను.

అయితే మూటలన్నియు ఒక్కమారే బయలుదేరవు. కొంత క్రొవ్వు కణములలో చిన్న బిందువులుగా గంటల తరబడి నిలిచియుండును. అటకమీది ధాన్యము వంటిదనుకొందము. దానిని కదలించుటకు మరల నేయియే తినవలెనని లేదు. టొరంటో పరిశోధకులు 2019లో ప్రకటించిన ప్రయోగమున, క్రొవ్వుగల భోజనమైన అయిదు గంటలకు గ్లూకోజు నీరు త్రాగించినప్పుడు, వట్టి మంచినీరు త్రాగించినప్పటికంటె రక్తమున క్రొవ్వు హెచ్చెను. ప్రేగులో నిలువయున్న క్రొవ్వే తరలివచ్చినదని వారు నిర్ణయించిరి.

కావున ఆ సోదరి త్రాగిన పంచదార నీరు కొంతవరకు కారణమై యుండవచ్చును. తప్పంతయు దానిదే యని మేము చెప్పజాలము. విందు విందే గదా. అదియుగాక, దినదినమును పంచదార అధికముగా వాడువారి కాలేయము దానినుండియే క్రొవ్వును తయారుచేసి రక్తమునకు పంపును. మన యిండ్లలో నేతిగిన్నెకున్న కాపలా పంచదార డబ్బాకు లేదు!

ముందురాత్రి మామూలు భోజనము చేసి, పిమ్మట పది పండ్రెండు గంటలు మంచినీరు మాత్రము పుచ్చుకొని, వారు మరల పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహమునకు మందు వాడువారు మాత్రము వైద్యుని అడుగక ఇట్లు పస్తుండరాదు. రెండవమారును అంకె తగ్గనిచో ఆ చీటీలు రెండును వైద్యునకు చూపవలెను.