కాబోయే టీచర్లకు మగ్గం పాఠం

అభ్యసన సిద్ధాంతం కాబోయే టీచరు చూపును మార్చాలి. మనస్తత్వవేత్త స్కిన్నర్‌ను నమ్మినవారు సరైన జవాబును వెంటనే మెచ్చుకుంటారు. పియాజేను నమ్మినవారు భిన్నాలు చెప్పేముందు పిల్లల చేతికి మడతపెట్టే కాగితం ఇస్తారు. వైగోట్‌స్కీ చెప్పింది మంగళగిరి చేనేత ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది: నేర్చుకునేవారు కండెలు చుట్టడంతో మొదలుపెడతారు, పక్కనే కూర్చున్న పెద్దలు అందినంత పనే అప్పగిస్తూ చీరకు నిజాం అంచు నేయడం దాకా తీసుకెళ్తారు, చేయి తిరిగాక తప్పుకుంటారు. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మొదటి పేపరు 150 మార్కుల్లో శిశువికాసం, పెడగాజీ విభాగానికి 30 ఉన్నాయి గనుక ఈ పేర్లన్నీ అభ్యర్థులకు కంఠతా వచ్చు. కానీ పేర్లు వచ్చినంత మాత్రాన చూపు మారదు, అది బడిలోనే మారాలి. ఉపాధ్యాయ విద్యపై వచ్చిన 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, బడి అనుభవం 20 వారాలకు పెరిగింది. ఆ వారాల్లో పాఠ్య ప్రణాళిక రికార్డుల అందానికి కాదు, పిల్లలు ఎక్కడ ఆగిపోయారో గమనించి రాసినదానికే కళాశాలలు మార్కులు వేయాలి.